జీతము – జీవచ్ఛవము

2011వ సంవత్సరము నవంబరు 26వ తేదీ శనివారము తెల్లవాఱుజామున న్యూయార్కు నగరమందు అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ జట్ల యజమానులును, ఆటగాండ్ర సంఘమువారును దాదాపు అయిదు నెలల కలహము ముగించి ఒడంబడికకు వచ్చిరి. మఱునాఁటి రాత్రి ఆ దేశమందే ‘ది వాకింగ్ డెడ్’ అను టెలివిజన్ నాటకమున ఒక పశువుల కొట్టము తలుపు పగిలి, అందు బంధింపఁబడియున్న నడపీనుఁగు లొక్కటొక్కటిగా వెలికివచ్చినవి. ఈ రెంటికిని సంబంధమేమని చదువరు లడుగవచ్చును. మేమును మొదట నట్లే యడిగితిమి.

మా పెద్దక్కగారి కుమారుఁ డప్పుడు అట్లాంటా నగరమున ఉద్యోగమునఁ గ్రొత్తగాఁ జేరియుండెను. వయసున మాకంటె ఎనిమిదేండ్లు చిన్న. ఆ శరత్కాలమున అతని యూరి హాక్స్ జట్టువారి యాట లేదు. ఆదివారము రాత్రి యీ పీనుఁగుల నాటకము మాత్రము గలదు. ఒకనాఁడు టెలిఫోనులో, “మామయ్యా, సగటున ఏఁటికి యేఁబది లక్షల డాలర్లు పుచ్చుకొనువారు పాలు తగ్గరాదని పోరాడుట న్యాయమేనా? మీరు శాస్త్రము చదివినవారు గదా, ధర్మము చెప్పండి” అనెను. మేము తడవుకొనక, “అన్యాయమే” అని చెప్పితిమి. కడుపు నిండినవాని బేరమని యొక యెత్తిపొడుపుకూడఁ జేర్చితిమి. ఆ ప్రత్యుత్తరమును గూర్చి నాఁటినుండియు మాకు మనశ్శాంతి లేదు.

మొదట మాట సంగతి. ఇట్టి కలహముల నన్నిటిని సమ్మె లనుట మనవారి వాడుక. 2011లో జరిగినది సమ్మె కాదు. సమ్మె యనఁగా పనివాఁడు పని మానుట. లాకౌ టనఁగా యజమాని తలుపు మూయుట. జూన్ 30వ తేదీతో పాత ఒడంబడిక గడువు తీఱెను. జూలై 1వ తేదీ మొదలు ముప్పది జట్లవారును తలుపులు మూసిరి. ఆటగాండ్రు జట్టు వ్యాయామశాలలోఁ గాలు పెట్టరాదు, శిక్షకులతో మాటాడరాదు. అంతకన్న విచిత్ర మొకటి. లీగువారి అంతర్జాలపు పుటలనుండి ఆటగాండ్ర చిత్రములు తీసివేయఁబడెను. నిన్నటిదాఁక ఎవరి ముఖములు చూపి టిక్కెట్లు అమ్మిరో ఆ ముఖములే రాత్రికి రాత్రి మాయమయ్యెను. ఈ సంగతి మొదట మాకు నవ్వు పుట్టించినది. పిమ్మట నవ్వు రాలేదు.

తగవు ఆదాయపు పంపకమును గూర్చినది. ఆటవలన వచ్చు రాబడిలో నూటికి 57 పాళ్లు ఆటగాండ్రకుఁ జెందుచుండెను. ముప్పదింట 22 జట్లు నష్టపడుచున్నవనియు, గడచిన ఆటకాలమున మొత్తము నష్టము 30 కోట్ల డాలర్లనియు యజమానులు వాదించిరి. సంఘమువా రా లెక్కల నొప్పుకొనలేదు. తుదకు ఆటగాండ్ర పాలు దాదాపు సగమునకు దిగెను. నాఁటి రాబడి ఏఁటికి సుమారు 380 కోట్ల డాలర్లు గావున, దిగిన యా కొలఁది పాళ్ల విలువయే పాతిక కోట్ల ప్రాంతమునకు వచ్చును. అనఁగా యజమానులు చెప్పిన నష్టములోఁ జాలభాగము ఆటగాండ్ర జేబునుండియే తీఱినది. 82 ఆటల కాలమును 66 ఆటలకుఁ గుదించి క్రిస్మస్ దినమున మొదలుపెట్టిరి.

మే మాడిన మాటలోని తప్పు ఇప్పుడు మాకుఁ గనఁబడుచున్నది. “ఇంత వచ్చుచుండఁగా ఇంకను అడుగుదురా?” యని ఆటగాని నడిగితిమే కాని, అతనికంటె ఎన్నోరెట్లు ధనవంతుఁడైన యజమానిని ఆ ప్రశ్న యడుగ మాకుఁ దోఁపలేదు. యజమాని లాభము కోరుట వ్యాపారమఁట. పనివాఁడు కోరుట ఆశయఁట. మఱియు, జీతము పెరిగినకొలఁది మాటాడు నధికారము తఱిగిపోవునేని, ఎన్ని రూపాయలకడ మనుష్యుఁడు మూఁగవాఁడు కావలెను? ఆ హద్దు గీయువా రెవరు?

ఈ యాటగాండ్రు మొదటినుండియు ధనవంతులు కారు. బాబ్ కౌసీ యను నాతఁడు 1954లో సంఘమును స్థాపించిన కాలమునఁ బలువురు వేసవిలో వేఱు పనులు చేసికొని బ్రతికిరి. వార్ధక్యమునకుఁ బింఛను లేదు. 1964వ సంవత్సరము జనవరి 14వ తేదీ రాత్రి బోస్టను నగరమున తారల యాట యేర్పాటయ్యెను. దేశమంతయు టెలివిజనులోఁ జూడ సిద్ధముగా నున్నది. బిల్ రస్సెల్, విల్ట్ ఛాంబర్లేన్, ఆస్కార్ రాబర్ట్‌సన్ మొదలగువారు పింఛను మాట తేలినఁగాని మైదానమునకు రామని వేషశాలలోఁ గూర్చుండిరి. లేకర్స్ జట్టు యజమాని బాబ్ షార్ట్ తన యాటగాండ్రగు ఎల్జిన్ బేలర్, జెర్రీ వెస్టులకు వెంటనే బయలుదేఱవలసినదని కబురంపెను. వారు లేవలేదు. టెలివిజనువారు తొందర పెట్టిరి. తుదకు కమిషనరు వాల్టర్ కెన్నెడీ మాట యిచ్చెను. అప్పుడు లేచి వచ్చి యాడిరి. వారు కేకలు వేయలేదు, రాళ్లు రువ్వలేదు. కొంతసేపు బల్లలపైఁ గూర్చుండిరి, అంతే. ఆ కూర్చుండుట కెంత బలమున్నదో కమిషనరు గ్రహించెను. ఆ పిమ్మట 1970లో రాబర్ట్‌సన్ పేర వేసిన వ్యాజ్యము 1976లో రాజీపడఁగా, ఒప్పందము ముగిసినను జట్టు విడిచి పోలేని పాత కట్టు సడలుట మొదలయ్యెను. నేఁటి కోట్లకు మూల మా బల్లలమీఁది మౌనమే.

2011 అక్టోబరులో బ్రయంట్ గంబెల్ అను ప్రసిద్ధ టెలివిజన్ వ్యాఖ్యాత, నాఁటి కమిషనరు డేవిడ్ స్టెర్నును బానిసలతోఁట మేస్త్రీతోఁ బోల్చెను. పెద్ద గగ్గోలు పుట్టెను. పోలిక సరికాదనియే మా యభిప్రాయము. ఆ నెలలలోనే డెరన్ విలియమ్స్ అను నాటగాఁడు టర్కీ దేశము వెళ్లి, అచ్చటి జట్టులో నాడి, తలుపు తెఱచినపిమ్మటఁ దిరిగివచ్చెను. ఏ బానిస యట్లు పోఁగలిగెను? అయినను తోఁట యను మాటకుఁ జాలమంది ఉలికిపడిరి. పీనుఁగుల కథయు తోఁటలోనే పుట్టినది గనుక ఇఁక నటు పోవుదము.

జాంబీ యనఁగా నరమాంసము తిను పిశాచమని నేఁటి పిల్లలకుఁ దెలియును. అది 1968లో జార్జ్ రొమేరో తీసిన చలనచిత్రముతో నాటుకొనిన రూపము. ఆ చిత్రమున జాంబీ యను మాటయే లేదు. అంతకు మునుపటి జాంబీ హైతీ దేశపుది. అది ఫ్రెంచివారి చెఱకుతోఁటల దీవి. ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు 1791లోఁ దిరుగఁబడి, 1804లో స్వతంత్రులైరి. ఆ జనుల విశ్వాస మిట్టిది: మంత్రగాఁడు గోరీలోని శవమును లేపి పొలములోఁ బని చేయించును. ఆ శవము ఎవరిని కఱవదు. జనులకు దానివలన భయము లేదు. తా మట్లగుదుమేమో యని భయము. బానిసకు మిగిలిన యొకే విడుదల చావు. చచ్చినపిమ్మటఁ గూడ చెఱకు కొట్టవలసివచ్చు నేమో యని వారి గుండెకోఁత. 1929లో విలియం సీబ్రూక్ వ్రాసిన ‘ది మేజిక్ ఐలండ్’ అను గ్రంథమున ఒక కథ గలదు. ఒకఁడు కొందఱు జాంబీలను అమెరికా చక్కెర కంపెనీ తోఁటకుఁ దోలుకొనివచ్చి, వారిచేఁ బని చేయించి, కూలి తానే పుచ్చుకొనుచుండెనఁట. ఉప్పు తగిలిన తిండి పెట్టఁగూడదని నియమము. ఒకనాఁడు ఉప్పు కలిసిన మిఠాయి పొరపాటునఁ దినిరి. తినఁగానే తాము చచ్చినవారమని వారికి స్ఫురించినది. కూలి విడిచి, తోఁట విడిచి, తమ గోరీలకై నడచిపోయిరి. మన భాషలో ఉప్పు తినుట యజమానికిఁ గట్టుపడుట. ఆ దీవిలో ఉప్పు తినుట తన్ను తా నెఱుఁగుట. ఈ భేదమును తలపోసి మే మొక రాత్రి నిద్రపోలేదు.

కావున జాంబీ తొలి యర్థము ఆఁకలి కాదు. సమ్మతి లేని శ్రమ. ఒడలు పని చేయును, వలదను లోపలి మనుష్యుఁడు లేఁడు. మన భేతాళుఁడును శవమునందే యున్నాఁడు. కాని యతఁడు మాటాడును, చిక్కుప్రశ్న వేసి మోయువానిచేతనే తీర్పు చెప్పించును. సమాధానము తెలిసియుఁ జెప్పకున్నచో తల వ్రక్కలగు నని విక్రమార్కునకుఁ బెట్టిన నిబంధన. మనవారు శవముచేతఁ గూడ ప్రశ్న అడిగించిరి. తోఁటదొర బ్రతికినవానిచేతఁ గూడ ప్రశ్న మాన్పించెను.

ఇఁక ఆ నాటకము. 2010 అక్టోబరు 31వ తేదీ మొదలై 2022 నవంబరు 20వ తేదీ వఱకు పదునొకండు భాగములుగ నడచినది. అంతయు మెచ్చుకొనఁజాలము, రక్తపాతమున కంతు లేదు. కాని రెండవ భాగమున హెర్షెల్ అను వృద్ధ కర్షకుఁ డున్నాఁడు. అతఁడు పీనుఁగులైపోయిన తన బంధువులను, ఇరుగుపొరుగువారిని కొట్టములోఁ బెట్టి తాళము వేసి కోళ్లు మేపుచుండును. వీరు రోగులే యని అతని నమ్మకము. తాళము పగులఁగొట్టి అందఱిని కాల్చినపిమ్మట, ఇన్నాళ్లు అడవులలో వెదకిన పసిపిల్ల సోఫియా తుదకు ఆ కొట్టమునుండియే నడచివచ్చును. ఆ భాగము చివర నాయకుఁడు మఱియొక రహస్యము చెప్పును: ఆ వ్యాధి కఱచుటవలననే వచ్చునది కాదు, అందఱిలో నిదివఱకే యున్నది, ఎవఁడు చచ్చినను లేచి నడచును. అది చెప్పి, ఇఁకమీఁదట నిర్ణయము తనదే, ఒకరి సలహా అక్కఱలేదనును. ఆ మాటకుఁ దలవంచి నిలిచిన బ్రతికినవారిని జూచి, వీరిలో నెవరు పీనుఁగులని మా కనుమానము కలిగినది. వినోద మేమనఁగా, ఈ నాటకమును మలచిన ఫ్రాంక్ డారబాంటును కంపెనీవారు 2011 జూలైలోనే, లాకౌటు మొదలైన నెలలోనే, తొలగించిరి. తనకు రావలసిన లాభములకై అతఁడు 2013లో వ్యాజ్యము వేయఁగా, 2021లో 20 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది.

మా సంగతి చెప్పక తప్పదు. మేము ఒక ప్రైవేటు పాఠశాలలో పదునొకండేండ్లుగా సంస్కృతము, ఇంగ్లీషు చెప్పుచున్నాము. అచ్చట జీతపు రిజిస్టరులో వ్రాసిన సంఖ్య యొకటి, చేతికి వచ్చు రొక్క మొకటి. సంతకము పెద్ద సంఖ్యకుఁ జేయవలెను. ఈ యాచార మా యొక్క పాఠశాలకే సొంతము కాదు, ఉపాధ్యాయు లందఱెఱుఁగుదురు. తొలి నెలలో నడుగఁబోయిన మాకు, “గురువులై యుండియు డబ్బు మాటలా?” యని జవాబు వచ్చినది. సిగ్గుపడితిమి. మనుధర్మశాస్త్రమందు కూలికిఁ జదువు చెప్పువానిని శ్రాద్ధభోజనమునకుఁ బిలువఁదగనివారిలోఁ జేర్చిరి. ఆ సిగ్గు అంత పాతది. ఆటగానిని “ఆట యాడుకొనుచు డబ్బు మాటలా?” యనుటయు దాని తోఁబుట్టువే. అర్థశాస్త్రమున కౌటిల్యుఁడు మాత్రము, కూలి యీయని యజమానికి పదియవ వంతైనను ఆఱు పణములైనను దండుగ వేయవలెననెను. పుచ్చుకొని పని చేయని కూలివానికిఁ బండ్రెండు పణములు! ఆ రెట్టింపును మేము పిల్లలకుఁ జెప్పునప్పుడు ఏ పిల్లవాఁడును కారణ మడుగలేదు. మేమును అడిగింపలేదు.

ఆటగాండ్రను నిర్దోషులుగ నిలువఁబెట్టుట మా యుద్దేశము కాదు. 2011లో రద్దయిన యాటలు 240. ఆటశాలలలో జనమును గూర్చుండఁబెట్టువారు, తినుబండారము లమ్మువారు, ఊడ్చువారు ఆట యున్ననాఁడే కూలి గలవారు. న్యూయార్కు బల్లచుట్టు వారి తరఫున నెవ్వరును కూర్చుండలేదు. ఇరుపక్షములకును తిరిగి గడించుకొను మార్గ మున్నది. వారి కా శరత్కాలము తిరిగి రాలేదు. 2020 మార్చిలో మహమ్మారివలన ఆటలు నిలిచినప్పుడు కెవిన్ లవ్, జియన్ విలియమ్సన్ మొదలగు కొందఱాటగాండ్రు ఆ కూలివారికై స్వయముగా ధనమిత్తుమని ముందునకు వచ్చిరి. ఆ యేఁటనే ఆగస్టు 26వ తేదీని, జేకబ్ బ్లేక్ అను నల్లజాతివానిని పోలీసులు కాల్చినందుకు మిల్వాకీ జట్టువారు ఆడమని లోపలనే యుండిపోయిరి. ఆనాఁటి తక్కిన యాటలును నిలిచెను. ఆ నిరాకరణమున జీతపు ప్రసక్తి లేదు. కాదనుట పింఛనుకొఱకు నేర్చినవారు దానిని వేఱొకనికొఱకుఁ గూడ వాడఁగలిగిరి. నేర్వనివాఁడు తనకొఱకు వాడలేఁడు, పరునికొఱకును వాడలేఁడు.

మేనల్లుని ప్రశ్నకు మేము తిరిగి యిట్లు వ్రాసితిమి: జీతము పెద్దదా చిన్నదా యన్నది వేఱు లెక్క, దానిని సంఘము, యజమానులు, అవసరమైనచో న్యాయస్థానము తేల్చుకొందురు. వాఁడు వలదనఁగలఁడా లేఁడా యన్నదే మొదటి ప్రశ్న. నేను నీకు కడుపు లెక్క చెప్పితిని, తప్పు. అతఁడు వెంటనే, “మంచిది మామయ్యా, మఱి మీ రిజిస్టరు మాట?” యని యడిగెను. అక్కయ్య చెప్పియుండును.

మొన్న జీతపు దినమున రిజిస్టరు మా బల్లమీఁదికి వచ్చినది. మా వెనుక నిలుచున్నవారు ఈ యేఁడే చేరిన తెలుఁగు పంతులమ్మగారు, ఇరువదినాలుగేండ్లుండును. మేము కలము మూఁతవేసి, వ్రాసిన సంఖ్యను పైకిఁ జదివి, కవరులోని నోట్లను బల్లమీఁదఁ బెట్టి ఒక్కొక్కటిగా లెక్కించితిమి. గుమాస్తా కిటికీవైపు చూచెను. పంతులమ్మగారు మా లెక్కను పెదవులతో వెంబడించుచుండిరి. సంతకపు గడి ఈ నెల యింకను ఖాళీగానే యున్నది.