అప్పు, ఋణం



పరలోకజపంలో కతోలికులమైన మనం ‘అప్పులు’ మన్నించమంటాం. ప్రొటెస్టెంటు సహోదరులు ‘ఋణములు’ అంటారు. అప్పు తెలుగు, ఋణం సంస్కృతం, అర్థం ఒకటేనని అనుకుంటాం. కాని తల్లితో ‘నీ ఋణం తీర్చుకోలేను’ అంటామే గాని, ‘నీ అప్పు తీర్చుకోలేను’ అనం. ఋణంలో కృతజ్ఞత వినిపిస్తుంది. అప్పు అనగానే నోటు, వడ్డీ, వాకిట్లో నిలబడ్డ మనిషి గుర్తుకొస్తాయి.

క్రీస్తుప్రభువు మాట్లాడిన అరమాయిక భాషలో ‘హోబా’ అంటే అప్పు, పాపం కూడా. సువార్తలు గ్రీకులో వ్రాసేటప్పుడు మత్తయి (6:12) అప్పులన్నాడు. లూకా (11:4) ముందు పాపములన్నాడు, ఆ వాక్యంలోనే ‘మాకు బాకీపడినవారు’ అన్న భావం ఉంచాడు! జర్మన్‌లో ‘షుల్డ్’ అనే మాట నేటికీ ఆ రెండర్థాలూ మోస్తోంది.

నా మటుకు నాకు అప్పు అన్న మాటే నచ్చుతుంది. దానికి అంకె ఉంటుంది, ఎదుట మనిషి ఉంటాడు. మత్తయి 18వ అధ్యాయంలోని సేవకుడు 100 దేనారములకు తోటివాని గొంతు పట్టాడు. దేనారం ఒక రోజు కూలి. అతనికి మన్నించిన బాకీ 10,000 తలాంతులు. తలాంతుకు 6,000 దేనారముల చొప్పున అది ఆరు కోట్ల రోజుల కూలి.

మన తెల్లాపూరులో ఫ్లాటు కొన్నవారికి బ్యాంకు వాయిదా. గోడ కట్టినవారిలో కొందరికి మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు. అది తీరేదాకా ఊరెళ్లడానికి మొహమాటం, భయం. ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఒకే పూజలో ఆ ఒక్క మాటే పలుకుతారు. మీ చిట్టాలో నూరు రోజుల కూలికి లోబడిన పేరు ఉంటే, వచ్చే ఆదివారం పూజకు ముందే ఆ మనిషికి ఫోను చేయండి.