ఉపాయము – ధర్మము

“ప్రస్తుతమునకు ఇదియే ఉపాయము, తప్పొప్పులు తరువాత చూచుకొందము” అని లోకమున తరచుగా వినుచుందుము. ఈ మాటను విచారింపవలసిన సందర్భము ఈ మధ్య నాకు తటస్థించినది. మా మనుమడు తన పాఠములోని ‘ఎక్స్‌పీడియెంట్’ అను ఆంగ్లపదమును చూపి, “తాతగారూ, దీనిని సంస్కృతమున ఏమందురు?” అని అడిగెను. “ఉపాయము” అంటిని. పిదప నిఘంటువు చదివించి వినగా ఆ పదము కథ ఆలోచింపజేసినది.

లాటిను భాషలో ‘పేస్’ అనగా పాదము. మన పాదశబ్దమును, అదియు ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ‘ఎక్స్’ అనగా వెలుపలికి. చిక్కుకొన్న పాదమును బంధమునుండి వెలుపలికి తీయుటయే ‘ఎక్స్‌పెదీరె’. పాదమునకు బంధము తగిలించుట ‘ఇంపెదీరె’. 14వ శతాబ్ది చివర ఆంగ్లమున ప్రవేశించిన నాడు ఎక్స్‌పీడియెంట్ అనగా ‘తగినది, మేలైనది’ అనియే అర్థము. కాలక్రమమున ‘న్యాయమో కాదో చూడక, అప్పటికి పనికివచ్చునది’ అను అర్థము దానికి అంటుకొన్నది. ప్రయోజనవాదమును సమర్థించిన జాన్ స్టూఅర్ట్ మిల్ సైతము, ఒక ఇబ్బందిని దాటుటకు ఆడిన అబద్ధము నిజమైన ప్రయోజనము కాదని, మాటమీద మనుష్యులకు గల నమ్మకమును అది చెరచునని 1861లో ప్రకటించిన తన రచనలో హెచ్చరించెను.

ఇక మన ‘ఉపాయ’ శబ్దము. ‘ఉప’ అనగా సమీపము. తరువాతిది గమనార్థకమైన ధాతువు. సమీపమునకు చేర్చునది ఉపాయము. ఆంగ్లపదము ‘దేనినుండి విడిపించును?’ అని అడుగును. మన పదము ‘దేనియొద్దకు చేర్చును?’ అని అడుగును. ఈ రెండవ ప్రశ్నను మరచుటయే మన దోషము.

నేనును మరచితిని. పాఠశాలలో అధ్యాపకుడనై యున్న దినములలో, విద్యార్థుల సంఖ్య తగ్గినచో గ్రాంటు ఆగిపోవునను భయమున, రాని పిల్లలకు సైతము హాజరు వేసితిని. పాఠశాల నిలిచినది, పిల్లలకు అన్నము దొరకినది. మరునాడు సత్యమును గూర్చిన ఉపనిషత్పాఠము చెప్పుచుండగా, ముందు వరుసలోని బాలుడొకడు బల్లపైనున్న హాజరుపట్టీవైపు చూచెను. ఏమియు అనలేదు. ముప్పది ఏండ్లు గడచినను ఆ చూపు నన్ను విడువలేదు.

“ద్రోణవధ సందర్భమున శ్రీకృష్ణభగవానుడే ధర్మరాజుచేత అట్లు పలికింపలేదా?” అని నాడు నన్ను నేను సమాధానపరచుకొంటిని. కాని కథను సగము చెప్పుకొనరాదు. అంతవరకు భూమికి నాలుగంగుళముల ఎత్తున నడచిన ధర్మరాజు రథము, ఆ మాటతో నేలకు దిగినది. చివరకు స్వర్గమునకు చేరినను, ద్రోణుని వంచించినందులకు ఆయనకు నరకదర్శనము తప్పలేదు. లోకరక్షణార్థమై సాక్షాత్తు భగవంతుడు పలికించిన మాటకే ఆ ఫలమున్నప్పుడు, మన స్వల్పప్రయోజనములకు ఆ కథను సాక్ష్యముగా తెచ్చుట ఎంతటి సాహసము!

శ్రీమద్భాగవతమున అష్టమస్కంధములోని బలిచక్రవర్తిని చూడుడు. వచ్చినవాడు విష్ణువని, మాట తప్పుటయే ఉపాయమని, ఆపత్తునందు అసత్యము దోషము కాదని గురువైన శుక్రాచార్యుడే చెప్పెను. శాపమునకు సైతము వెరవక బలి ఇచ్చిన మాట నిలుపుకొనెను. తత్ఫలితముగా రాజ్యము పోయినది, వరుణపాశములతో బద్ధుడయ్యెను. లోకదృష్టికి ఇంతకన్న నష్టము కలదా? అయినను మూడవ అడుగునకు తన శిరస్సును చూపిన ఆ బద్ధునియొద్దకు భగవంతుడే చేరి, సుతలమున ద్వారపాలకుడై నిలిచెను. తప్పించుకొనుటకు ఇష్టపడనివాడే విముక్తుడయ్యెను.

ఆ స్కంధముననే గజేంద్రుని కథ కలదు. మొసలి పట్టినది పాదమునే. తన బలమును, తన ఉపాయములను నమ్మినంతకాలము ఆ పాదము విడుదల కాలేదు. “నీవే దిక్కు” అని పిలిచిన క్షణముననే చక్రము వచ్చినది. ఉపాయమును ఉపేయమును శ్రీమన్నారాయణుడే యని మన పూర్వాచార్యులు ఉపదేశించుటలోని రహస్యమిదియే.

కావున భక్తులారా, ఇబ్బంది కలిగినప్పుడు ‘దీనినుండి ఎట్లు బయటపడుదును?’ అను ప్రశ్నతో ఆగక, ‘ఇది నన్ను ఎవరియొద్దకు చేర్చును?’ అని కూడ ప్రశ్నించుకొందము. మన పాదములు బంధమునుండి వీడుటకు ఆ శ్రీపాదములే ఉపాయము.