నొప్పి చెబితే నామోషీయా?

నిరుడు శీతాకాలంలో అరకు వెళ్ళాను. వలిసెపూలు చూడ్డానికి కాదు, మా పిన్నిని చూడ్డానికి. బాబాయి అక్కడి బళ్ళో మేష్టరుగా చేరి, రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయారు. కాన్సరని పిన్నికి విశాఖలో ఎడమ కిడ్నీ తీసేశారు.

ఆపరేషనైన మర్నాడు నర్సు వచ్చి, "నొప్పి పదింట ఎంతుందమ్మా?" అని అడిగితే, "ఆఁ, పెద్దగా లేదు" అందిట పిన్ని. నలుగురు పిల్లల్ని పంటిబిగువున కన్న మనిషి మరి! కానీ నొప్పికి జడిసి గట్టిగా దగ్గలేదు, గుండెనిండా ఊపిరి తియ్యలేదు, మంచం దిగలేదు. నాలుగో రోజుకి జ్వరం, ఊపిరితిత్తుల్లో నిమ్ము.

"మిమ్మల్ని ఓర్చుకోమన్నదెవరమ్మా? నొప్పి తగ్గించేది మీరు దగ్గడానికీ, నడవడానికీ" అన్నాడట డాక్టరు.

మార్ఫిన్ ఇస్తామంటే మా తమ్ముడు అడ్డుపడ్డాడు, నల్లమందు అలవాటైపోతుందని. ఆ భయం మన ఇళ్ళదే కాదు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, లైసెన్సుల తంటా పడలేక ఆస్పత్రులే మార్ఫిన్ ఉంచుకోవడం తగ్గించాయి. 2014లో చట్టం సవరించి దారి కొంత సులువు చేశారు. డాక్టరు కనిపెట్టి చూస్తూ నాలుగు రోజులిచ్చే మందుకి బానిసలవడం అరుదు. మగత, మలబద్ధకం మామూలే. మోతాదు మించితే ఊపిరే మందగిస్తుంది. కిడ్నీ సరిగా పనిచెయ్యకపోతే మందు ఒంట్లో పేరుకుంటుంది. అందుకే లెక్కగా ఇస్తారు.

అలాగని నొప్పి పోతే చాలని ఏదైనా మింగొచ్చా? ఘాట్‌రోడ్డు కుదుపులకి కుట్లు సలుపుతుంటే, పొరుగావిడ అభిమానంగా తన మోకాళ్ళనొప్పుల బిళ్ళలిచ్చింది. డైక్లోఫెనాక్! ఆ జాతి మందులు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. పిన్నికి మిగిలింది ఒక్కటే. బాబాయి మందుచీటీ చూసి ఆపారు కనక సరిపోయింది. డాక్టరు రాసింది పారాసిటమాల్, అదీ రోజుకిన్నేనని.

ఓర్పు ఆడదానికి ఆభరణమని మనకి ఉగ్గుపాలతో పోశారు. నిజమే, కష్టంలో ఓర్పు కావాలి. కానీ అడిగినప్పుడు కూడా నిజం దాచడం ఓర్పా, అబద్ధమా? ఎవరు హైరానా పడతారని పిన్ని దాచిందో, వాళ్ళే ఇంకో వారం ఆస్పత్రి వరండాలో పడుకున్నారు. అందులో ప్రేమ ఉంది, కాదనను. 'నేను గట్టిదాన్ని' అనిపించుకోవాలన్న చిన్న గర్వం కూడా లేకపోలేదేమో!

సంతరోజు పొద్దున్న కొండదారిన ఆడవాళ్ళు కట్టెలమోపులతో దిగుతున్నారు. ఒకామె చెట్టుకింద ఆగి కేకేసింది. వెనకామె వచ్చి చెయ్యి వేసి మోపు దించింది. అడిగినందుకు ఈమె సిగ్గుపడలేదు, సాయం చేసినందుకు ఆమె సణగలేదు. దించిన మోపుని లోయలోకి విసిరెయ్యనూ లేదు. కాసేపు ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎత్తుకుని నడిచారు.

ఆ సాయంత్రం పిన్నికి కాఫీ ఇస్తూ, "నొప్పెంతుంది పిన్నీ?" అన్నాను.

"రెండు" అంది అలవాటుగా. నేను కదల్లేదు. కాఫీ ఒక గుక్క తాగి, కిటికీలోంచి కొండకేసి చూసి, మెల్లిగా అంది:

"అయిదుంటుందే."