చదివి వినిపించగా ఒప్పుకున్నాను

కోర్టులో సాక్షి చెప్పింది రాసుకున్నాక, ఆ రాసుకున్నదాన్ని సాక్షికి చదివి వినిపించాలి అంటుంది మన చట్టం. రాసిన భాష సాక్షికి రాకపోతే, వచ్చిన భాషలో చెప్పాలి అని కూడా అంటుంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్న ఈ నియమం, దాని బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహితలోనూ ఉంది. వేలిముద్రలు పడ్డ పాత కాగితాల చివర్లో "చదివి వినిపించగా విని ఒప్పుకున్నాను" అని రాయడం కూడా ఈ కోవలోదే. మాట నీదే అయినా, కాగితం మీదికి ఎక్కాక నీది కాకుండా పోవచ్చన్న అనుమానం ఇందులో ఉంది. అనుమానం మంచిదే. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, ఇదే అనుమానం మనకి పెళ్లి పీటల మీద ఎందుకు రాదు?

తెలుగు పెళ్లిలో వరుడి చేత 'నాతిచరామి' అనిపిస్తారు. ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెని దాటి నడవను అని దాని తాత్పర్యం. పురోహితుడు ముక్కలు చేసి అందిస్తాడు, వరుడు అప్పజెబుతాడు, మధ్యలో ఫోటోగ్రాఫర్ "అన్నా, ఇటు చూడండి" అంటాడు. సినిమాల పుణ్యమా అని ఆ ఒక్క మాట అందరికీ తెలుసు. దాని ముందూ వెనకా సాగే మంత్రాల్లో ఎవరు ఎవరికి ఏం మాట ఇస్తున్నారో పీటల మీద కూర్చున్న ఇద్దరిలో ఎవరికీ తెలియదు. 'కన్యాదానం' మాత్రం తెలుస్తుంది, ఎందుకంటే తెలుగులో కూడా అది అదే మాట. ఇప్పుడు చూడండి, మొత్తం తంతులో అమ్మాయిలు అభ్యంతరం చెబుతున్నది సరిగ్గా ఆ మాటకే. "నేనేమన్నా వస్తువునా దానం చెయ్యడానికి" అని. మిగతా మంత్రాల్లో అభ్యంతరం చెప్పాల్సినవి లేవని కాదు, ఒప్పుకుని మురిసిపోవాల్సినవి లేవనీ కాదు. రెండింటికీ ముందు మాట తెలియాలి.

ఈ తేడా మన చట్టాల్లోనే ఉంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం రిజిస్ట్రార్ ముందు పెళ్లి చేసుకునేవాళ్లు, ముగ్గురు సాక్షుల ఎదుట ఒకరినొకరు స్వీకరిస్తున్నామని తమకి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఆ మరుసటి సంవత్సరం వచ్చిన హిందూ వివాహ చట్టానికి అలాంటి పట్టింపు లేదు. ఆచారం ప్రకారం జరిగితే చాలు, సప్తపది ఉన్నచోట ఏడో అడుగు పడితే పెళ్లి అయినట్టే. నోటికి బదులు కాళ్లు సాక్ష్యం చెబుతాయన్నమాట. 1967లో తమిళనాడు ఆత్మగౌరవ వివాహాల కోసం ఈ చట్టానికి ఒక సెక్షన్ చేర్చింది. అందులో మళ్లీ ఆ షరతు వచ్చింది: ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా. తమిళంలోనే అనాలని రాయలేదు. అంత భాషాభిమానం ఉన్నవాళ్లు ఆ చోట తమ భాష పేరు రాయకుండా వదిలేయడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

"అర్థం తెలియకపోతే మంత్రం ఎందుకు" అనే వాదన ఇక్కడితో గెలిచిపోయిందని నేననుకోను. ఎదుటి వాదన బలమైనది, పాతది కూడా. మంత్రాలకి అర్థమే లేదని కౌత్సుడు అన్నాడని యాస్కుడు నిరుక్తంలో చెప్పి, ఖండిస్తాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఫ్రిట్స్ స్టాల్ అనే పండితుడు కేరళలో అగ్నిచయనం చూసి, క్రతువు అంటే నియమాలే తప్ప అర్థాలు కావని పుస్తకాలే రాశాడు. రోజూ కోడ్ రాసే నాలాంటివాడికి ఈ మాట వెంటనే ఎక్కుతుంది. కంపైలర్‌కి అర్థంతో పని లేదు, సెమికోలన్‌తో పని. కానీ ఆ సంప్రదాయంలోనే ఇంకో కథ ఉంది. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట యాగం చేస్తూ 'ఇంద్రశత్రు' అనే మాటలో స్వరం తప్పాడు. ఇంద్రుణ్ణి చంపేవాడు కాస్తా ఇంద్రుడి చేతిలో చచ్చేవాడయ్యాడు. స్వరం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఈ కథ చెబుతారు. నాకు మాత్రం అది అర్థం గురించిన కథలాగే వినిపిస్తుంది. స్వరం తప్పితే మారింది అర్థమే కదా!

మా అమ్మమ్మ విష్ణుసహస్రనామం నలభై ఏళ్లు చదివింది. వెయ్యి పేర్లలో ఎన్నింటికి అర్థం తెలుసో ఎవరూ అడగలేదు, అడిగితే నవ్వేది. ఆమెకి అది స్నానం తర్వాత తుడుచుకున్నట్టు, రోజులో ఒక భాగం. దాన్ని తెలుగులోకి మార్చి ఇస్తే ఆమెకి ఒరిగేదేమీ లేదు, పోయేది చాలా ఉంది. కాబట్టి నేను గీసుకున్న గీత ఇది: మనం పట్టుకునే మాటలు వేరు, మనల్ని పట్టి ఉంచే మాటలు వేరు. సహస్రనామం మొదటి రకం. ప్రమాణం, దస్తావేజు, తీర్పు, ఆపరేషన్‌కి ముందు పెట్టించుకునే సంతకం రెండో రకం. మొదటివి ఏ భాషలో ఉంటేనేం. రెండోవి మాత్రం కట్టుబడాల్సినవాడి భాషలో ఉండాలి, ఎందుకంటే కట్టుబడాల్సినవాడికే "ఆగండి, ఇది నేను ఒప్పుకోను" అనే హక్కు ఉండాలి. పెళ్లిలో చిక్కంతా అక్కడే. రెండు రకాల మాటలూ ఒకే గొంతుతో, ఒకే రాగంలో, ఒకే సన్నాయి కింద కలిసిపోయి వస్తాయి.

త్రిపురనేని రామస్వామి ఈ చిక్కు విప్పడానికి కూర్చున్న మనిషి. డబ్లిన్‌లో బారిస్టర్ చదివొచ్చి, తెనాలిలో ఉంటూ, తెలుగులో 'వివాహవిధి' రాసి, ఆ విధానంలో పెళ్లిళ్లు జరిపించాడు. పురోహితుడి పని ఏ కులం వాళ్లైనా చేయొచ్చన్నది అందులో అసలు విషయం. భాష మారితే పీట మీది మనిషి కూడా మారొచ్చు. సంస్కృతం మీద పేచీ అన్నది ఎప్పుడూ వట్టి వ్యాకరణం పేచీ కాదు. అలాగని ఆయన్ని వాడుకభాషా వీరుడిగా నిలబెట్టలేం. పురాణాల మీద అంత తిరుగుబాటు చేసిన 'సూతపురాణం' పద్యకావ్యం. చదవాలంటే నాకు పక్కన నిఘంటువు కావాలి.

ఇక్కడ నాకు పాళీ వినయపిటకంలోని ఒక సంగతి గుర్తొస్తుంది. యమేళు, తేకుల అని ఇద్దరు అన్నదమ్ములు, బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన భిక్షువులు, చక్కటి మాట తీరు ఉన్నవాళ్లు. వాళ్లు బుద్ధుడి దగ్గరికి వెళ్లి ఒక ఫిర్యాదు చేశారు. రకరకాల కులాల నుంచి, గోత్రాల నుంచి వచ్చినవాళ్లు మీ మాటల్ని సొంత యాసల్లో చెప్పి పాడు చేస్తున్నారు, మేము ఛందస్సులో పెడతాం అని. బుద్ధుడు వాళ్లని మందలించి, అలా చేస్తే దోషమని నియమం పెట్టి, 'సొంత పలుకు'లోనే నేర్చుకోండి అన్నాడు. బాగుంది. కానీ ఎవరి సొంతం? నేర్చుకునేవాడి సొంతమని చాలామంది ఆధునిక పండితులు అంటారు. అయిదో శతాబ్దపు వ్యాఖ్యాత బుద్ధఘోషుడు మాత్రం అది బుద్ధుడి సొంత పలుకు, అంటే మాగధి, అని వ్యాఖ్య రాశాడు. ఒక్క సర్వనామం దగ్గర మొత్తం తిరగబడింది. వినేవాడికి ఇచ్చిన హక్కు చెప్పినవాడి దగ్గరికే వెనక్కి వెళ్లిపోయింది.

ఇలా వెనక్కి వెళ్లడానికి వ్యాఖ్యాతలే అక్కర్లేదు, ప్రభుత్వాలు కూడా చాలు. టర్కీలో 1932 నుంచి అజాన్‌ని అరబ్బీలో కాకుండా టర్కిష్‌లో పిలిపించారు. 1941లో అరబ్బీ అజాన్‌ని నేరం కూడా చేశారు. పైకి చూస్తే ఇది మనం కోరుకునేదే: జనం భాషలో ప్రార్థన పిలుపు. 1950లో నిషేధం ఎత్తేయగానే మసీదులన్నీ అరబ్బీకి వెళ్లిపోయాయి. జనానికి టర్కిష్ సొంత భాషే. ఆ పిలుపు మాత్రం సొంతం కాలేదు, ఎవరూ వాళ్లని అడగలేదు కాబట్టి.

అడగకుండా ఇచ్చినా సొంతమైపోయిన భాషలూ ఉన్నాయి. తెలుగు బైబిల్‌ని చూడండి. అందరికీ అర్థం కావాలనే మిషనరీలు, వాళ్ల పండితులు పందొమ్మిదో శతాబ్దంలో దాన్ని తెలుగు చేశారు. అది అప్పటి గ్రాంథికం. 'చెప్పుచున్నాను', 'సెలవిచ్చెను', 'యుండెను'. తర్వాత వాడుకభాషలో అనువాదాలు వచ్చాయి. అయినా ఏదైనా చర్చిలో ప్రార్థన జరుగుతుంటే వినండి. వ్యవసాయ కూలీకి వెళ్లొచ్చిన ఆమె, బయట పక్కా యాసలో మాట్లాడే ఆమె, కళ్లు మూసుకోగానే 'కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాము' అంటుంది. ఒక్క ముక్క తడబడదు. సాహిత్య సభల్లో దీన్ని వెక్కిరించేవాళ్లని చూశాను, 'బైబిల్ తెలుగు' అని. నాకు ఆ వెక్కిరింపు నచ్చదు. బళ్లలోకి రానివ్వని మనుషులకి అక్షరాలతో పాటు అందిన తెలుగు అది. గ్రాంథికం పండితులదని మనం అనుకుంటాం. దాన్ని కంఠతా పట్టి రోజూ నోటితో వాడుతున్నవాళ్లు పండితులకంటే ఇలాంటి మాలపల్లెల్లోనే ఎక్కువ ఉంటారు. వాడుక అంటే వాడటమే అయితే, అది వాడుకభాష కాదని ఎలా అంటాం?

కాబట్టి మాట ఎక్కడ పుట్టిందన్నది పెద్ద లెక్క కాదు. దరఖాస్తు, ఫిర్యాదు, వాయిదా, జామీను, వకీలు ఏవీ తెలుగులో పుట్టినవి కావు, అన్నీ తెలుగే. అంతెందుకు, 'ఫోర్‌ట్వంటీ గాడు' అనేది ఇంగ్లీషు చట్టంలోని సెక్షన్ అంకెని తిట్టుగా మార్చుకున్న తెలుగు ప్రతిభ. ఇప్పుడు కొత్త న్యాయసంహితలో మోసం సెక్షన్ 318 అయింది. చట్టాల పేర్లు ఇంగ్లీషు నుంచి సంస్కృతానికి మారాయి, వలస వాసన పోయిందన్నారు. మా వీధిలో మాత్రం ఎవరూ ఎవర్నీ ఇంకా 'త్రీఎయిటీన్' అని తిట్టడం లేదు. అంత ప్రేమగా వాడుకోవడానికి నూట అరవై ఏళ్లు పట్టింది మరి!

నా ఉద్యోగంలో ఇదే గొడవ చిన్న సైజులో ఉంటుంది. అప్లికేషన్లలో 'సబ్మిట్' బటన్‌ని తెలుగులో 'సమర్పించు' అంటారు. సమర్పించేది దేవుడికి. రేషన్ కార్డుకి అప్లై చేసేవాడు ఎవరికి ఏం సమర్పించాలి? "సబ్మిట్ కొట్టు" అంటారు జనం. నేను 'పంపు' అని పెడదామన్నాను. మరీ మామూలుగా ఉందన్నారు. మామూలుగా ఉండటమే దాని తప్పు అన్నమాట. ఆఫీసు తెలుగు ఏదైనా ఇంతే. 1966లోనే తెలుగుని అధికార భాషగా చేసుకున్నాం, కానీ అధికారం భాషలోకి కూడా దిగింది.

హైకోర్టులో ఆ మాత్రం తెలుగు కూడా లేదు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం, పార్లమెంటు వేరేలా చెప్పేదాకా అక్కడ ఇంగ్లీషే. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇస్తే, అది వార్త అయింది. తన పొలం గురించి ఇద్దరు లాయర్లు గంటసేపు వాదించుకుంటే వెనక నిలబడి విన్న రైతు, బయటికొచ్చి "ఏమన్నారు సార్?" అని అడుగుతాడు. "వాయిదా" అంటాడు లాయరు. సాక్షికి చదివి వినిపించాలన్న చట్టం కక్షిదారుకి ఇచ్చేది ఆ ఒక్క మాట.

'వినేవాడి సొంత భాష' అనే మాటని పూర్తిగా నమ్మి, దాని ఖరీదు కట్టిన తెలుగువాడు నాకు తెలిసి గిడుగు రామమూర్తి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, వాడుక తెలుగు కోసం పోరాడాడని దండలు వేస్తాం. ఆయన జీవితంలో ఇంకో సగం ఉంది. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లోని సవరలతో మాట్లాడటానికి వాళ్ల భాష నేర్చుకున్నాడు, సొంత డబ్బుతో బడులు పెట్టి సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించాడు, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశాడు. ఆ పిల్లలకి తెలుగు కూడా సంస్కృతం లాంటిదే అని ఆయనకి తెలుసు. దండలు వేసేటప్పుడు మనం ఈ సగం ఎత్తం.

1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు, ఆయన ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశాడు. అదే సంవత్సరం, ఆ ఒడిశా వైపు కొండల్లో, మంగై గొమాంగొ అనే సవర మనిషి తన భాషకి ఒక లిపి కట్టాడు. ఇరవై నాలుగు అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక్కో సవర దేవత పేరు మీద. సొంత భాష రాసుకోవడానికి చేసుకున్న ఆ లిపికి గుడి కూడా కట్టారు. అక్కడ పూజ అందుకునేది ఆ అక్షరాలే.