తాపత్రయమూ వేసవి విడిదీ

మనిషిని వేధించే బాధలను భారతీయ దర్శనాలు మూడు తాపాలుగా విభజించాయి. దేహంలోనూ మనసులోనూ పుట్టే రోగం, దిగులు, కోపం వంటివి ఆధ్యాత్మిక తాపం. తోటి మనుషుల వల్ల, జంతువుల వల్ల, పురుగూ పుట్రా వల్ల కలిగేది ఆధిభౌతిక తాపం. ఎండ, పిడుగు, కరువు వంటి, మనిషి చేతిలో లేని శక్తుల వల్ల కలిగేది ఆధిదైవిక తాపం. ఈ మూడూ కలిస్తే తాపత్రయం. పిల్లల పరీక్షలు ముగియగానే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల కుటుంబాలు రెండు రోజులు ఎక్కడికైనా వెళ్లి రావాలనుకున్నప్పుడు, ఆ కోరిక పైకి మూడో తాపానికి విరుగుడులాగే కనిపిస్తుంది. అయితే ప్రయాణానికి సిద్ధమయ్యేవారి నోట ఎండ మాట వెంటనే పని విసుగు, ఇంటి చికాకు, ఇరుగుపొరుగుల గొడవ కూడా వస్తాయి; అంటే మూడు తాపాల బరువునూ ఒక్క ప్రయాణం మీదే మోపుతున్నారన్నమాట. కాబట్టి వేసవి విడిదిని ఎంచుకోవడం గది అద్దెకూ పెట్రోలు ఖర్చుకూ మాత్రమే సంబంధించిన లెక్క కాదు. చోటు మారితే తాపం తీరుతుందా, తీరితే ఎంతమేరకు తీరుతుంది అన్న పాత ప్రశ్న అందులో ఇమిడి ఉంది.

ఈ ప్రశ్నకు సాంఖ్యులు మొదట్లోనే నిక్కచ్చిగా జవాబు చెప్పారు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక తాపత్రయ ప్రస్తావనతోనే మొదలై, కంటికి కనిపించే ఉపాయాలు, అంటే మందు, మంచి భోజనం, నీడ, రక్షణ వంటివి ఉండగా వేరే విచారణ దేనికన్న శంకను తానే లేవనెత్తి, వాటికి రెండు లోపాలున్నాయని తేల్చింది: అవి తప్పక పనిచేస్తాయన్న నిశ్చయం లేదు, పనిచేసినా ఆ బాధ మళ్లీ రాదన్న భరోసా లేదు. మొదటి లోపాన్ని ఏకాంతం కాకపోవడమనీ, రెండోదాన్ని అత్యంతం కాకపోవడమనీ అంటారు.

మదనపల్లెకు దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, బి.కొత్తకోట మండలంలో ఉన్న హార్సిలీహిల్స్‌ను ఈ కొలతతో కొలిచి చూడవచ్చు. సుమారు 1,265 మీటర్ల ఎత్తున్న ఈ కొండ పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల సంరక్షణలో పెరిగిన మల్లమ్మ అనే బాలిక అక్కడివారి రోగాలు మాన్పుతూ ఉండి ఒకనాడు కనబడకుండా పోయిందనీ, అప్పటినుంచి జనం ఆమెను దేవతగా కొలుస్తున్నారనీ స్థలకథ. మదనపల్లె ఇంకా కడప జిల్లాలో ఉన్న 19వ శతాబ్దంలో ఆ జిల్లా కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ ఈ కొండను వేసవి విడిదిగా ఎంచుకోవడంతో కొత్త పేరు స్థిరపడింది. పైకి పోయేకొద్దీ గాలి కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కనుక, సుమారు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లె కన్నా కొండమీద మూడున్నర డిగ్రీల వరకు వేడి తగ్గాలి. చెట్ల నీడా గాలీ తోడవడంతో ఒంటికి తెలిసే తేడా ఇంకా ఎక్కువ. అక్కడి గాలిబండ మీద, వాలుగా జారిపోయే ఆ రాతి అంచున నిలబడితే చీర కొంగు, తువ్వాలు ఒకచోట నిలవవు, పక్కవారికి మాట వినబడాలంటే గొంతు పెంచక తప్పదు. ఇది నిజమైన మేలే, దీన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. కాని ఘాట్ రోడ్డు దిగి ఊరు చేరేసరికి ఆ చల్లదనం కొండమీదే ఉండిపోతుంది. అత్యంతం కాదని సాంఖ్యులు అన్నది ఇందుకే.

అలాగని చోటుకు విలువే లేదని శాస్త్రం అనలేదు. శ్వేతాశ్వతరోపనిషత్తు ధ్యానానికి తగిన స్థలాన్ని వర్ణిస్తూ నేల చదునుగా, శుభ్రంగా ఉండాలనీ, గులకరాళ్లూ నిప్పూ ఇసుకా ఉండరాదనీ, కంటికి బాధ కలగకూడదనీ, మనసుకు అనుకూలంగా, గాలి ఒరిపిడి లేకుండా ఉండాలనీ చెప్పింది. భగవద్గీత ఆరో అధ్యాయం శుచియైన ప్రదేశాన్ని కోరితే, పదమూడో అధ్యాయం ఏకాంత ప్రదేశాన్ని ఆశ్రయించడాన్ని జ్ఞానసాధనాల్లో ఒకటిగా లెక్కించింది. ఇంత వివరంగా లక్షణాలు చెప్పిన సంప్రదాయమే బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి, ఎక్కడ మనసు ఏకాగ్రమవుతుందో అక్కడే ఉపాసన చేయవచ్చు, ఫలానా దిక్కు, ఫలానా స్థలం అన్న నియమం లేదని తేల్చేసింది. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందన్న ప్రశ్నకు శంకరాచార్యుల భాష్యం చక్కని సమాధానం ఇస్తుంది: ఉపనిషత్తు చెప్పిన లక్షణాలు ఉన్నమాట నిజమే, అయితే వాటి వివరాల్లో పట్టుదల అక్కరలేదని సూత్రకారుడు ఒక స్నేహితుడిలా చెబుతున్నాడనీ, మనసుకు అనుకూలంగా ఉండాలన్న మాటలోనే అసలు నియమం ఉందనీ ఆయన వివరించారు. అంటే స్థలాన్ని కొలవవలసినది మనసుతో. స్థలపు ప్రఖ్యాతితో మనసును కొలవడం తలకిందుల పని.

ఈ విషయాన్ని బతికి చూపిన కవయిత్రి ఈ సీమలోనే పుట్టింది. మదనపల్లెకు చేరువలోని తరిగొండ ఆమె స్వగ్రామం. తరిగొండ వెంగమాంబ (1730–1817) తిరుమల చేరి, అక్కడ సాధనకు ఆటంకాలు ఎదురైనప్పుడు తుంబుర కోనకు వెళ్లి కొంతకాలం ఏకాంతంగా గడిపి, మళ్లీ తిరుమలకే వచ్చిందని ఆమె చరిత్ర చెబుతుంది. ఆమె ద్విపదలో చెప్పిన గ్రంథాల్లో వాసిష్ఠ రామాయణం ఒకటి. ఆ వాసిష్ఠ సంప్రదాయంలోని చూడాల కథ ఈ చర్చకు నేరుగా తగులుతుంది: శిఖిధ్వజుడనే రాజు శాంతి కోసం రాజ్యాన్ని వదిలి కొండమీద కుటీరం కట్టుకుంటాడు, అంతఃపురంలోనే ఉండి జ్ఞానం పొందిన రాణి చూడాల మారువేషంలో అక్కడికి వెళ్లి, నువ్వు ఇంకా అన్నీ వదల్లేదని అంటే, అతడు కుటీరాన్నీ దండాన్నీ జపమాలనూ నిప్పులో వేసి చివరికి దేహాన్ని కూడా విడవబోతాడు, వదలవలసినది వీటిని కాదు, చిత్తాన్ని అని ఆమె చెప్పాక గాని అతడికి తెలిసిరాదు. తెలిసిన తరువాత ఇద్దరూ రాజ్యానికే తిరిగి వస్తారు. వెంగమాంబ కోనకు వెళ్లిందంటే చోటు సాయం చేస్తుందని ఒప్పుకున్నట్టే. తిరిగి వచ్చిందంటే ఆ సాయానికి హద్దు ఉందని తెలిసినట్టే.

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి విషయంలోనూ ఇదే జంట కనిపిస్తుంది. దుఃఖం నుంచి పారిపోవడం దుఃఖాన్ని అంతం చేయదనీ, దాన్ని ఉన్నదున్నట్టు చూడాలనీ జీవితమంతా బోధించిన ఆయనే, విద్యాలయం పెట్టదలచినప్పుడు పెద్ద మర్రిచెట్టున్న లోయను ఎంచుకున్నారు. ఈనాటి రిషివ్యాలీ అదే. ఇందులో వైరుధ్యం లేదు. తర్కశాస్త్రం కారణాలను వేరు చేసినప్పుడు, కార్యాన్ని తానుగా పుట్టించకపోయినా పుట్టడానికి తోడ్పడేదాన్ని సహకారి కారణం అంటుంది. మొక్కకు విత్తనం ప్రధానమైతే తేమ సహకారి. విశ్రాంతికి స్థలం అలాంటి సహకారి మాత్రమే.

మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం క్షయ శానటోరియం చరిత్ర ఈ భేదాన్ని వైద్యం వైపు నుంచి చూపిస్తుంది. పలు ప్రొటెస్టెంటు మిషన్లు కలిసి స్థాపించగా, డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ నాయకత్వంలో 1915 నుంచి రోగులను చేర్చుకున్న ఆ ఆస్పత్రి తొలి కాలంలో క్షయకు మందు లేదు. పొడిగాలి, విశ్రాంతి, మంచి తిండి తప్ప దారి లేదు కనుక చోటే చికిత్స. 1940ల నుంచి మందులు రాసాగాయి. మద్రాసులో జరిగి 1959లో వెలువడిన అధ్యయనం, సరైన మందులు క్రమం తప్పకుండా వాడితే ఇంట్లో ఉన్న రోగికీ శానటోరియంలో ఉన్న రోగికీ ఫలితంలో పెద్ద తేడా లేదని నిరూపించింది. ప్రధాన కారణం దొరికిన వెంటనే సహకారి తన స్థానానికి తాను తగ్గింది. మనసు అలసటకు సంబంధించినంతవరకు ప్రధాన కారణం ఎవరి చేతిలో వారికే ఉంది గనుక, ఇంట్లో అయిదు నిమిషాలు ఫోను పక్కన పెట్టలేనివారికి కొండ ఏ మేలూ చేయలేదు.

స్థలం సహకారి మాత్రమే అయినప్పుడు, దాన్ని దగ్గరలో వెదుక్కోవడమే వివేకం. మహాభారతం వనపర్వంలో తీర్థయాత్రను పొగిడే చోట, యజ్ఞాలు సంపన్నులకే సాధ్యమనీ, తీర్థసేవ మాత్రం పేదవాడికీ అందుతుందనీ, అందుకే అది గొప్పదనీ కారణం చెప్పారు. అందరికీ అందడం ధర్మంలో ఒక గుణమన్న ఈ దృష్టి విడిదికీ వర్తిస్తుంది. దూర ప్రయాణానికి పెట్టిన డబ్బు తనను రాబట్టుకోమని ఒత్తిడి చేస్తుంది. చూడవలసినవన్నీ చూసి, ఫొటోలన్నీ తీసుకుంటే తప్ప తృప్తి కలగనివ్వదు, దానితో విశ్రాంతి మరో పనిగా మారుతుంది. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి చేరగల చోటుకు ఆ ఒత్తిడి లేదు. ఈసారి చూడనిది మరోసారి చూడవచ్చు, ఏమీ చూడకుండా చెట్టుకింద కూర్చుని కూడా తిరిగి రావచ్చు. పుంగనూరు వారికి చౌడేపల్లె మండలంలోని బోయకొండ గంగమ్మ, కుప్పం వారికి పలమనేరు దారిలో దుముకురాళ్లని పిలిచే కైగల్లు జలపాతం, సరిహద్దు దాటితే తమిళనాడులోని ఏలగిరి, మదనపల్లె వారికి హార్సిలీహిల్స్ ఇలాంటివి. బోయకొండకు వెళ్లే కుటుంబం మొక్కు చెల్లించి, కొండ కిందే వండుకుని, అందరూ కలిసి తిని వస్తుంది. దైవదర్శనాన్నీ ఆటవిడుపునూ వేరు చేయని ఈ అలవాటు వేసవి విడిది అన్న ఆలోచన కన్నా పాతది.

ఇక్కడ ఇంకో ప్రశ్న మిగులుతుంది: ఒకరి తాపం తీరడానికి ఇంకొకరు తాపం పడవచ్చునా? చిత్తూరు సీమలో గంగజాతరలు మండుటెండల్లోనే జరుగుతాయి. వేపమండలు కట్టి, అంబలి పోసి, అమ్మవారిని చల్లబరచే ఆ ఆచారంలో వేడిమి ఊరందరి కష్టం, చల్లదనం ఊరందరి పంట. అంబలి పోసేటప్పుడు కులం, ధనం చూసి ముంత పట్టరు. విడిది చూసుకునేవారు మరిచిపోరాని నీతి ఇది. వేసవి ఒకరికి సెలవైతే, దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటైన మదనపల్లె యార్డులో క్రేట్లు మోసేవారికీ, తోటల్లో కాయ కోసేవారికీ అదే ముమ్మర కాలం. కొండమీది గదులు ఊడ్చేవారికీ, వంటవారికీ కూడా అంతే. విడిది చేసేవారు పారేసిన ప్లాస్టిక్ సీసా, రాత్రి రెండింటి దాకా మోగించిన స్పీకరు ఆధిభౌతిక తాపం కిందికే వస్తాయి. తమ తాపం తీర్చుకోవడానికి వచ్చి ఇతరులకు తాపం పంచినవారి యాత్ర తీర్థం కాదు, విడిదీ కాదు.

కనుక వేసవి విడిదిని ఎంచుకునే కుటుంబం మూడు విషయాలు చూసుకుంటే చాలు: అక్కడ మనసు నిలుస్తుందా, అప్పు చేయకుండా మళ్లీ వెళ్లగలమా, మనం వెళ్లడం వల్ల అక్కడివారికి బరువు పెరగకుండా ఉంటుందా. ఈ మూడింటికీ అవునని చెప్పగలిగిన చోటు ఎంత చిన్నదైనా మంచి విడిదే. ఒక్కదానికి కాదనవలసి వచ్చినా, అది ఎంత పేరున్న కొండైనా వదిలేసి, ఆ రెండు రోజులూ ఇంటి వేపచెట్టు కింద గడపడం మేలు.