మౌనము క్షమ కాదు

క్షమ సత్పురుషులకు అలంకారమని పెద్దలు చెప్పుదురు. తనకు జరిగిన అపకారమును మరచువాడు ధన్యుడు. అయితే తన కన్నుల యెదుట ఇతరునకు జరిగిన అవమానమును చూచి, "పోనిండు, రచ్చ యెందుకు" అని ఊరకుండువాని మౌనమును కూడ క్షమ యనవచ్చునా? ఒక విద్యాలయమున జరిగిన సంగతి ఈ ప్రశ్నను స్పష్టముగా మన ముందుంచుచున్నది.

అమెరికా దేశపు దక్షిణభాగమున మిసిసిపి విశ్వవిద్యాలయము గలదు. అది చిరకాలము నల్లజాతివారికి ప్రవేశము నిరాకరించెను. 1962 అక్టోబరు 1న జేమ్స్ మెరెడిత్ అను నల్లజాతి యువకుడు న్యాయస్థానపు తీర్పు బలముతో అందు చేరెను. ముందునాటి రాత్రి చెలరేగిన అల్లరిలో ఇద్దరు మరణించిరి. శాంతిని నిలుపుటకు సైన్యము రావలసివచ్చెను. తోడివారు పలువురు వెలివేసినట్లు చూచినను ఆయన చదువు విడువక 1963లో పట్టా పొందెను. 2006లో ఆ విద్యాలయ ప్రాంగణముననే ఆయన కంచు విగ్రహమును నెలకొల్పిరి. ఒక ద్వారము వైపునకు అడుగు వేయుచున్నట్లుండు ఆ విగ్రహమునకు ఎదుట ధైర్యము, జ్ఞానము, అవకాశము, పట్టుదల అను మాటలు చెక్కబడియున్నవి.

2014 ఫిబ్రవరి 16న తెల్లవారునప్పటికి ఆ విగ్రహపు కంఠమున ఉరిత్రాడు కనబడెను. పూలమాల వేయదగిన చోట ఉరిత్రాడు! బానిసత్వమును నిలుపగోరి పోరాడిన పక్షపు చిహ్నము గల పాత జెండా కూడ దానిపై ఉండెను. కంచునకు బాధ లేదు. కాని ఆ ప్రాంతమున పూర్వము నల్లజాతివారిని విచారణ లేకయే మూకలు చెట్లకు ఉరితీసిన కథలు ప్రతి కుటుంబమునకు తెలియును. కావున ఆ త్రాడు "నీకిచట చోటు లేదు" అని అక్కడి ప్రతి నల్లజాతి విద్యార్థితోను పలికినది.

ఇట్టి వేళ రెండు సలహాలు వినబడును. కుర్రవాండ్ర ఆకతాయితనమే కదా, త్రాడు విప్పి మాటుమణిగింపుమనుట ఒకటి. ద్వేషమునకు ద్వేషమే బదులనుట రెండవది. రెండవదానిలోని దోషము వెంటనే తెలియును. మొదటిది శాంతివలె కనబడును గనుక దానినే ఎక్కువ విచారింపవలెను.

నిండు సభలో ద్రౌపది ధర్మము నడిగినప్పుడు పెద్దలు తేల్చి చెప్పజాలకపోయిరి. అప్పుడు విదురుడు చెప్పిన పూర్వకథ మహాభారత సభాపర్వమున గలదు. ప్రహ్లాదుని కుమారుడగు విరోచనుడును, అంగిరసుని కుమారుడగు సుధన్వుడును తమలో ఎవరు శ్రేష్ఠులని వాదించుకొని, ప్రాణములు పణముగా నొడ్డి ప్రహ్లాదునే తీర్పు కోరిరి. ఒకవైపు కన్నకొడుకు ప్రాణము, మరియొకవైపు సత్యము. తెలిసియు పలుకనివానికి కలుగు ఫలమేమని ప్రహ్లాదుడు కశ్యపుని అడిగెను. నింద్యమైనదానిని సభ నిందింపనిచో ఆ పాపములో సగము సభాపతికి, నాల్గవ వంతు చేసినవానికి, తక్కిన నాల్గవ వంతు ఊరక కూర్చున్నవారికి చెందునని కశ్యపుడు బదులిచ్చెను. ప్రహ్లాదుడు సుధన్వుడే శ్రేష్ఠుడని పలికెను. ఆ ధర్మనిష్ఠకు మెచ్చి సుధన్వుడు విరోచనునికి ప్రాణదానము చేసెను.

ఇందలి క్రమము గమనింపదగినది. ముందు సత్యము పలుకబడినది. పిదప క్షమ వచ్చినది. అదియు, హక్కు గలిగినవాని వలననే వచ్చినది. అప్పిచ్చినవాడు అప్పు వదలుకొనవచ్చును గాని, పొరుగువాడు వదలిపెట్టుట యెట్లు? చూచినవారు చేయవలసినది క్షమ కాదు, సాక్ష్యము. చేసినవానికంటె సభాపతికి ఎక్కువ భాగమున్నదన్న మాట విద్యాలయాధికారులు ఎల్లప్పుడును తలచుకొనవలసినది.

మిసిసిపిలో మౌనము వహింపలేదు. విద్యార్థులు విగ్రహమువద్ద గుమికూడిరి. దోషులను తెలిపినవారికి పూర్వవిద్యార్థుల సంఘము 25,000 డాలర్లు ప్రకటించెను. దోషులు చేరియున్న విద్యార్థి సంఘపు స్థానిక శాఖను దాని మాతృసంస్థ ఆ యేడే మూసివేసెను. 2015లో ఒక యువకుడు నేరము నొప్పుకొనగా న్యాయస్థానము ఆరునెలల కారాగారశిక్ష విధించెను. అది పగ కాదు. చేసిన పనికి కొలత గల ఫలము.

ఇది పరదేశపు మాట కదా యని త్రోసివేయరాదు. తెలుగు బిడ్డలు వేలాదిగా అచటి విద్యాలయములలో చదువుచున్నారు. అవమానము తమకు జరిగినప్పుడే కాక, తోడివానికి జరిగినప్పుడును నోరు విప్పవలెనని వారికి ఇంట నేర్పవలెను. పంక్తిలో ఒకరు పుట్టుకను బట్టియో, మేనిరంగును బట్టియో ఎవరినైనను ఎగతాళి చేసినప్పుడు పెద్దలు నవ్వి ఊరకున్నచో, ఆ బిడ్డ నేర్చుకొనునది ఆ నవ్వునే.

మరి తప్పు చేసినవాని గతి యేమి? శ్రీరంగమున తిరుప్పాణాళ్వారుపై లోకసారంగముని రాయి విసరిన కథ వైష్ణవులకు తెలిసినదే. రంగనాథుడు ఊరకుండలేదు; మునిని నాశనము చేయనులేదు. తాను రాయి విసరిన ఆ భక్తుని భుజములపై మోసికొని సన్నిధికి తెమ్మని ఆజ్ఞాపించెను. ముని మోసెను. దూరముగా నిలువుమన్న చేతులతోనే ఆళ్వారు పాదములను పట్టుకొని గర్భాలయమునకు నడచెను. శిక్షయు అదియే, అనుగ్రహమును అదియే.