ఏకైకము

ఒక సమితిలోని ప్రతి మూలకమునకును మరియొక సమితిలో ఒక ప్రతిబింబమును చూపు నియమమునకు గణితశాస్త్రమున ప్రమేయమని పేరు. వేర్వేరు మూలకములకు వేర్వేరు ప్రతిబింబములే యున్నచో దానిని తెలుగు పాఠ్యగ్రంథములు అన్వేక ప్రమేయమనియు, హిందీ గ్రంథములు ఏకైకీ అనియు వ్యవహరించును. ఫ్రెంచి గణితజ్ఞుల బృందము బూర్బాకీ అను కల్పితనామముతో 1954లో ప్రకటించిన సమితి సిద్ధాంతము ‘ఇంజెక్షన్’ అను పేరును వ్యాప్తికి తెచ్చెను. లాటిను మూలమున దానికి ‘లోనికి వేయుట’ అని అర్థము.

వీనిలో హిందీ పదము విచారింపదగినది. ‘ఏకైక’ యనగానే తెలుగువారు ‘ఒకే ఒక్క’ అని గ్రహింతురు. సంస్కృతమున దానికి ‘ఒక్కొక్క’ అని అర్థము. మొదటిది తక్కినవారిని త్రోసివేయును. రెండవది ఎవ్వరిని విడువక వరుసగా పలుకరించును. గణితము కోరునది ఈ రెండవ అర్థమునే.

భిలాయి ఉక్కు కర్మాగారమునకు 1955లో సోవియట్ దేశముతో ఒడంబడిక కుదిరెను. 1959లో మొదటి కొలిమి వెలిగెను. పలు ప్రాంతములనుండి వచ్చిన శ్రామికులతో నిండిన క్యాంప్ 1 వంటి పేటలలో తెలుగు మాట నిత్యము హిందీలోనికి మారుచుండును. నిన్న, రేపు రెండును ‘కల్’ అగును. మేము, మనము రెండును ‘హమ్’ అగును. ‘హమ్’ అని వినినవాడు తానందు చేరెనో లేదో ఆ మాటనుబట్టి తెలిసికొనజాలడు. ఇది హిందీకే గల లోపము కాదు. హిందీవారి ‘చాచా’, తల్లి చెల్లెలి భర్తయగు ‘మౌసా’ ఇరువురును తెలుగున బాబాయిలే. అయినను సందర్భము ఆ లోటును తీర్చును.

మనుష్యులకు పేరు పెట్టునపుడు అట్లు తీరదు. తెలుగువాడు, తమిళుడు, మలయాళి, కన్నడిగుడు నలుగురును ఉత్తరాదివారి నోట ‘మద్రాసీ’ యైనచో, ఆ పేరునుండి వెనుకకు మరలి ఏ ఒక్కనిని చేరుటకును దారి లేదు. ఇరువురి పనిని ఒకే సంఖ్యక్రింద వ్రాసిన జీతముల పుస్తకమున ఎవరి కూలి ఎవరిదో తేలదు. ప్రతిబింబమునుండి మూలమునకు మరల దారి చూపుటయే అన్వేకత యొక్క ప్రయోజనము.

అందరు సమానులను సూత్రమునకు ఇది విరుద్ధమా? కాదు. సమానత్వము అందరికిని ఒకే కొలతను కోరును గాని, అందరిని ఒకే పేరున కలిపివేయుమనదు. అయితే వేర్వేరు సంఖ్యల నిచ్చినంతమాత్రమున మనిషిని ఎరిగినట్లు కాదు. సంఖ్య అతనిని మరియొకనితో కలిసిపోకుండ కాపాడును. అతడెవరో తెలిసికొనుటకు అతనితో మాటాడవలసియే యుండును.